సమానానికి కొసరు

తమిళనాట మా గుడియాత్తం బజారులో బేరం చెడగొట్టుకున్నవాళ్ళకు కొదవలేదు. కానీ ఎదుటి మనిషి యాభై రూపాయలు దిగివచ్చాక కూడా బేరం తెంచుకుని, నేరుగా ఇంటికి వెళ్ళి, ఆ మనిషి చేయాల్సిన పని తానే చేస్తానని చాటింపు వేసుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. చెప్పుల ధర కుదరలేదని ఎవడూ ఇంట్లో కూర్చుని చెప్పులు కుట్టడు. నేను ట్యూషను ధర కుదరలేదని మా పాపకు లెక్కలు నేనే చెప్పాను. రెండు నెలలు చెప్పాను, రూపాయి ఫీజు లేకుండా. మూడు తరాలుగా అంగళ్ళు నడుపుతున్న మా ఇంట్లో ఇంత గొప్ప ఆదా ఇంకెవరూ చేయలేదు.

మా ఆవిడ వేలూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున పావు తక్కువ ఏడుకు బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం ఏడున్నరకు. ఆమె వెళ్ళేటప్పటికి పాప లేవదు, వచ్చేటప్పటికి కంచం ముందు తూగుతూ ఉంటుంది. వారానికి ఆరు రోజులు తల్లికి కనిపించేది కునికే మొహమే. ల్యాబు వెనక వీధిలో ఒక బడి ఉంది. పాపకు అక్కడ మూడో తరగతిలో సీటు వస్తే ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో రావచ్చు. సాయంత్రం ల్యాబు ముందు గదిలో కూర్చోబెట్టుకోవడానికి అక్కడి పెద్దాయన ఒప్పుకున్నాడు కూడా. మిగిలిందల్లా ఏప్రిల్‌లో ఒక చిన్న పరీక్ష.

ఆ పరీక్షలో భాషలంటే పాపకు భయం లేదు. భయమంతా లెక్కల్లో, అందులోనూ మూడు గుర్తుల్లో. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి సమానం. పాప చేతిలో మొదటి రెండూ ఎప్పుడు చూసినా తిరగబడి ఉండేవి. సమానం గుర్తు తిరగబడే వీల్లేదు కాబట్టి అది బాగానే ఉందని మేమనుకున్నాం.

రెండు వీధుల అవతల బడి నుంచి రిటైరైన టీచరమ్మ ఒకావిడ పిల్లలకు ట్యూషను చెబుతుంది. మా ఆవిడ నన్ను పంపింది, మాట్లాడి రమ్మని. మాట్లాడి రమ్మంటే నాకు ఒక్కటే అర్థమవుతుంది.

"నెలకు ఎనిమిదొందలప్పా. వారానికి ఐదు దినాలు," అంది టీచరమ్మ, గడప దాటి రాకుండానే.

"ఐదొందలు చేసుకోండి టీచరమ్మా. ఒక్క బిడ్డే గదా."

"ఒక్క బిడ్డకే ఎనిమిదొందలు. ఇద్దర్ని తెస్తే పదహారొందలు."

"రోజూ చూసే మొగాలు. మీరే ఇట్ల అంటే ఎట్ల?"

"నేనూ నీ అంగట్లో రోజూ చూసే మొగమే గదా నాయనా. కందిపప్పుకి ఎప్పుడన్నా ఒక రూపాయి తగ్గించినావా?"

బేరం నా సరుకు మీదికి మళ్ళింది. అట్లాంటప్పుడు ఆఖరు మాట అడగాలి. అడిగాను.

"ఏడొందల యాభై. రెండు నెలలే టైముండాది, బిడ్డ ఇంకా గుర్తులు తిప్పి వేస్తా ఉండాది. రేపే పంపియ్."

మా నాన్న నాకు నేర్పిన విద్యల్లో గొప్పది వెనక్కి తిరగడం. సరుకు చేతిలో పెట్టేసి, మొహంలో ఏమీ కనపడనీయకుండా మూడడుగులు వేయాలి. నాలుగో అడుగు పడేలోపు వెనక నుంచి పిలుపు వస్తుంది. వేలూరు మార్కెట్లో, పళ్ళికొండ రోడ్డు మీది అంగళ్ళలో, అది తప్పింది లేదు. నేను మూడడుగులు వేశాను. పిలుపు రాలేదు. గేటు దగ్గర వంగి బాగానే ఉన్న చెప్పు వారును సర్దుకున్నాను. రెండో చెప్పుది కూడా సర్దాను. వెనక గడియ వేసిన చప్పుడైంది. ఆమె వ్యాపారి కాదు కదా, ఆమెకు మూడడుగుల సంగతి ఎవరు చెబుతారన్న ఆలోచన అప్పుడొచ్చింది. తిరిగి వెళ్ళి తలుపు తడదామని చెయ్యి లేచింది. కానీ వెనక్కి తిరిగినవాడు తిరిగొచ్చి తలుపు తడితే ధర ఎనిమిదొందల యాభై అవుతుంది. అది కూడా మా నాన్న నేర్పిందే.

"కుదిరిందా?" అంది మా ఆవిడ.

"ఆమెకు ఇప్పటి లెక్కలు తెలీవు. నేనే చెప్తా."

"తెగిందా బేరం?"

"తెగడం యాడిది? నేనే వద్దనుకున్న్యా."

"ఎంతలో వద్దనుకున్న్యారు?"

"లెక్కలు నాకు పుట్టుకతో వచ్చినాయే," అన్నాను. "మొత్తం బజారులో కాలుకులేటరు లేని అంగడి యాడుండాది, నాది తప్ప?"

ఆమె పొద్దుటి బస్సుకు సంచి సర్దుకుంది. "ఆ సీటు రాకపోతే నేను ఊరుకోను," అంది. ఆ మాట ఆమె మామూలు గొంతుతోనే అంది. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి రోజు నుంచి పాప బడి వదలగానే అంగడికి వచ్చేది. మూటల మధ్య ఒక స్టూలు, ఒడిలో పలక. మొదటి పాఠం మాత్రం నేను బాగా చెప్పానని ఇప్పటికీ అంటాను. కాగితం చుట్టి పొట్లం చేశాను. పొట్లానికి ఒక పక్క వెడల్పు నోరు, ఇంకో పక్క సూది మొన.

"సరుకు జాస్తి పట్టేది యా పక్క?"

"నోరుండే పక్క."

"కమ్మి?"

"మొన పక్క."

"అంతే గుర్తు. పొట్లం పండుకోబెట్టినట్టు. నోరు జాస్తి పక్కకి, మొన కమ్మి పక్కకి."

పాప తొమ్మిదికీ నాలుగుకూ మధ్య పొట్లాన్ని పడుకోబెట్టింది. మళ్ళీ మూడుకూ పదకొండుకూ మధ్య తిప్పి పెట్టింది. వారం తిరిగేలోపు ఒక్కటి కూడా తిరగబడలేదు. చింతపండు కోసం రోజూ వచ్చే ఒక అవ్వ నిలబడి చూసి, "టీచరు ఉజ్జోగానికి పొయ్యుంటే పిల్లలు బాగుపడతా ఉండిరి, మాకూ సరిగ్గా తూచేవోడు దొరుకుతా ఉండె," అంది. నేను అందులో మొదటి సగమే విన్నాను.

తరువాత సమానం. దీనికి పొట్లం పనికిరాదు. ముందు పాప పలక మీద 7 + 2 = □ + 4 అని రాసిస్తే ఖాళీలో తొమ్మిది వేసింది. ఏడూ రెండూ తొమ్మిది కాబట్టి. అవతల నాలుగు ఉందన్న సంగతి దానికి పట్టలేదు. అప్పుడు నాకు మా తాత కాలంనాటి ఇత్తడి తక్కెడ గుర్తొచ్చింది. ఇప్పుడు తూచేది కరెంటు మిషనులో. తక్కెడ అటక మీద ఉంది. దించి, తుడిచి, అంగట్లో వేలాడదీశాను. ఎడమ చిప్పలో ఏడు పిప్పరమెంట్లు, మళ్ళీ రెండు. కుడి చిప్పలో నాలుగు.

"రెండు చిప్పలూ ఒక్క మట్టంగా నిలబడాల. ఎన్ని వేస్తావో వెయ్."

పాప ఒక్కొక్కటే వేసింది. ఐదోది పడగానే కాడ అడ్డంగా, కదలకుండా నిలబడింది. ముల్లు సరిగ్గా నడిమికి వచ్చింది. పాప దానికేసి చూసి, నాకేసి చూసి, డబ్బాలోంచి ఇంకొకటి తీసి కుడి చిప్పలో వేసింది.

"అదెందుకమ్మా?"

"కొసరు నాయనా."

ఇక్కడ మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా అంగట్లో ఎవరికీ సరిగ్గా తూచి ఇవ్వం. తూకం సరిపోయాక కొనే గిరాకీ వైపు చిప్ప ఇంకొంచెం వంగేలా గుప్పెడో చిటికెడో వేస్తాం. ముల్లు నడిమిలో ఆగిపోతే మా నాన్నకు పదిమందిలో తిట్టు తిన్నంత అవమానం. ఇప్పుడు మిషను అర కిలోకు ఐదు వందల నాలుగు చూపించేదాకా నా చెయ్యి సంచిలోంచి బయటికి రాదు. ఆ నాలుగు గ్రాములు ధరలో ఎక్కడ కలిసి ఉన్నాయో నాకూ తెలుసు, గిరాకీకీ తెలుసు. అయినా అది వేయకపోతే ఆ మనిషి మళ్ళీ రాదు. పాప పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఇదే. దానికి తూకం అంటే సరిపోవడం, ఆ పైన ఒకటి.

నేను చేయాల్సిన పని ఒక్కటే. ఆ ఆరో పిప్పరమెంటు తీసి, "అంగట్లో వేస్తాం, లెక్కలో వెయ్యరు" అనడం. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ నేను పకపకా నవ్వి, పక్కనున్న అవ్వను పిలిచి చూపించాను.

"చూసినావా అవ్వా? ఎనిమిదేండ్లకే చెయ్యి ఎట్ల తిరిగిందో!"

"బిడ్డకుండే చెయ్యి నీకు లేదే అప్పా," అంది అవ్వ. "నువ్వేసే కొసరు చూడాలంటే నేను కంటి డాక్టరు కాడికి పోవాల."

అంతటితో ఆగినా పోయేది. నేను వ్యాపారిని. పిల్లకు ఆసక్తి కలగాలంటే లాభం ఉండాలి. "ప్రతి లెక్కకీ సమం చెయ్. ఆపైన వేసే కొసరు నీదే, తినెయ్," అన్నాను. ఆ రోజు నుంచి పాపకు సమానం గుర్తు అంటే ప్రాణం. రోజుకు పది లెక్కలు, పది పిప్పరమెంట్లు. చిప్పలో ఎన్ని వేసిందో అన్నీ పలక మీద రాసేది. ఐదు వేసి, ఆపైన ఒకటి వేసి, ఆరు అని రాసేది. నేను పలక చూసి మనసులో ఒకటి తీసేసుకుని, భేష్ అనేవాణ్ణి. కొసరు బిల్లులో రాయమని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అది వేసేదే గానీ రాసేది కాదు. పాపకు వేయడం తెలుసు. రాయకూడదన్నది తెలియదు, దానికి బిల్లు పుస్తకం ఇంకా నేను ఇవ్వలేదు కాబట్టి. వేసినదంతా నిజాయితీగా రాసింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం పరీక్ష. వేలూరు ఎండలో ఇద్దరం బస్సు దిగి బడికి వెళ్ళాం. పిల్లల్ని లోపలికి పంపి, మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. గంటన్నర తరువాత పరీక్ష పెట్టిన మేడమ్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. ఆమె ఇంట్లోనూ తెలుగేనట, నా తమిళం రెండు మాటలు విని తెలుగులోకి మారిపోయింది.

"ఈ పాపకు లెక్కలు ఎవురు చెప్పినారండీ?"

ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది. మెచ్చుకోలు అనుకున్నాను. 'నేనే' అనబోయి, ఆ మాట నోట్లో ఉండగానే బల్ల మీది కాగితం చూశాను. పది లెక్కలు. ఎక్కువ తక్కువలవి ఆరు, ఆరూ రైటు. మిగతా నాలుగు సమానాలు. 8 + 4 = □ + 5 దగ్గర ఎనిమిది ఉంది. 6 = □ + 2 దగ్గర ఐదు. 10 + 3 = □ + 9 దగ్గర ఐదు. ఆఖరిది మేము మొదటి రోజు తక్కెడ మీద చేసిన లెక్కే, అటూ ఇటూ మార్చి ఇచ్చారు. అక్కడ ఆరు.

"తెలీని బిడ్డయితే ఒకట్లో జాస్తి, ఒకట్లో కమ్మి రాస్తాది," అంది మేడమ్. "ఈ పాప నాలుగిట్లోనూ ఒక్కొక్కటే జాస్తి రాసింది. కొలిచి వేసినట్టు. ఇట్లాంటిది నేను చూడనే లేదు. ఎనిమిదికి తగ్గితే సీటు లేదండీ. దీనికి ఆరొచ్చినాయి."

నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆ కదలిక నా ఒంట్లో దానంతట అదే వస్తుంది.

"ఒక్కొక్కటే గదా మేడమ్ జాస్తి. కమ్మి రాసుంటే నష్టం. జాస్తి రాస్తే ఎవురికి పొయ్యేది ఏముండాది? నాలుగు మార్కులూ వద్దు. రెండెయ్యండి."

"రెండెందుకు?"

"సగానికి సగం. మీకూ వద్దు, నాకూ వద్దు. ఎనిమిదైపోతాది."

ఆమె కళ్ళజోడు తీసింది. "అంగడి పెట్టుకోనుండారా?"

"ఎట్ల కనిపెట్టినారు మేడమ్?"

"సుమ్మనే, ఊరికే అట్ల అనిపించింది," అని నవ్వు ఆపుకుని, పాప వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఒకటి జాస్తి వెయ్యమని నీకు ఎవురు చెప్పినారు?"

పాప నా మొహం చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను.

"ఎవురూ చెప్పలేదు మేడమ్," అంది పాప. "నేనే వేసుకున్న్యా."

ఆ గదిలో నేను నోరు తెరిచి ఉంటే మేడమ్ ఏమనేదో నాకు తెలియదు. తప్పు పిల్లది కాదు, నాది, మళ్ళీ ఒక్కసారి రాయించండి అని ఉంటే ఒప్పుకునేదేమో, లేదేమో. రెండు మార్కుల కోసం అంతసేపు వాగిన నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు. నాలుగో తరగతికి ఖాళీ ఉంటే వచ్చే ఏడు మళ్ళీ రాయవచ్చని చెప్పి ఆమె కాగితం మడిచింది.

ల్యాబుకు వెళితే మా ఆవిడ చేతి తొడుగులు విప్పుకుంటూ పరుగున బయటికి వచ్చింది.

"ఎట్ల రాసింది?"

"పేపరు కష్టంగా ఇచ్చినారు," అన్నాను.

పాప మళ్ళీ నా మొహం చూసింది. తల్లి దాన్ని దగ్గరికి తీసుకుని, "పోనీలే తల్లీ, బాగా చదవలేదా?" అంది. పాప లేదన్నట్టు తల ఊపింది. రెండు నెలలు రోజూ పది లెక్కలు చేసిన పిల్ల.

తిరుగు బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు అడిగింది.

"నాయనా, సమానం అంటే రెండు పక్కలా ఒకటేనా? ఎవురికీ ఏమీ జాస్తి రాదా?"

"రాదమ్మా."

"మరి కొసరు?"

"అది మనం మన ఇష్టంతో ఇచ్చేది. లెక్కలోకి రాదు. బిల్లులో రాయం."

పాప కిటికీ వైపు తిరిగింది. "నేను రాసేసినా," అంది.

ఆ సాయంత్రం ఏడున్నరకు మా ఆవిడ అంగడి లోపలి నుంచే ఇంట్లోకి వెళ్ళబోతుంటే ఆపి చెప్పాను. పిప్పరమెంట్ల దగ్గర నుంచి ఫ్యాను దాకా అంతా చెప్పాను. ఆమె సంచి కూడా దించలేదు.

"టీచరమ్మ ఆఖరు ఎంత చెప్పింది?"

"ఏడొందల యాభై."

"మీరు?"

"ఐదొందలు."

"నెలకు రెండొందల యాభై. రెండు నెలలకు ఐదొందలు," అంది ఆమె. "బిడ్డ మీ పేరు చెప్పకుండా తన మీద వేసుకునిందే, అప్పుడు మీకు ఏమనిపించింది?"

"తప్పించుకున్నట్టు అనిపించింది."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. ఆమె లోపలికి వెళ్ళి పాప చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది. "చెప్పండి దానికి, ఎవురి తప్పో. నా ఎదురుగా చెప్పండి."

చెప్పాను. తప్పు నీది కాదమ్మా, నేను చెప్పడంలోనే ఉండాది అన్నాను. పాప శ్రద్ధగా విని, "నాకు తెలుసు నాయనా," అంది. తెలిసే అక్కడ అట్లా చెప్పిందా అని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆదివారం మా ఆవిడ పాపను తీసుకుని టీచరమ్మ ఇంటికి బయల్దేరింది. నేను చొక్కా తొడుక్కుంటుంటే, "మీరు రావద్దు," అంది. ఎంతకు కుదిరిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు. పాప మాత్రం పదిహేను రోజుల్లో సమానాలన్నీ సరిగ్గా వేస్తోంది. టీచరమ్మ ఎట్లా చెప్పిందని అడిగితే, "ముల్లు నడిమికి వస్తే చెయ్యి కట్టుకో అనింది, అంతే," అంది. రెండు నెలల నా చదువుకు విరుగుడు ఒక్క వాక్యంలో అయిపోయింది.

ఇక బిల్లు. టీచరమ్మకు ఇవ్వక మిగిలింది పదిహేను వందలు. పిప్పరమెంట్లు మూడు డబ్బాలు, మా అంగడి సరుకే కాబట్టి కొన్న ధరకే రాస్తున్నాను, మూడు వందల అరవై. అందులో పాప తిన్నవి ఎన్నో, నేను తిన్నవి ఎన్నో విడదీయలేను. పరీక్ష దరఖాస్తుకు మూడు వందలు, వచ్చే ఏడు మళ్ళీ మూడు వందలు. బస్సు ఖర్చు రెండు సార్లకూ కలిపి రెండు వందల లోపు. ఇక్కడ గీత గీస్తే ఇంకా మూడు వందల నలభై నాకు మిగులే. చాలా బిల్లులు నేను ఇట్లాంటి చోటే గీత గీసి ఆపాను.

ఆపకుండా రాస్తే ఇట్లా ఉంటుంది. బస్సులో పోవడానికి గంటంబావు, రావడానికి గంటంబావు, రోజుకు రెండున్నర గంటలు. బడి జరిగేది ఏడాదికి సుమారు రెండు వందల పది రోజులు. మొత్తం ఐదు వందల ఇరవై ఐదు గంటలు తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చుని ఉండాల్సినవి. ఫ్యాను చూసినందుకు ఎంత వేయాలో తెలియక ఆ వరుస ఖాళీగా వదిలాను. జూన్ నుంచి ఈ రోజుకు బడి నలభై రెండు రోజులు జరిగింది, అంటే నూట ఐదు గంటలు పోయాయి. మిగిలిన నాలుగు వందల ఇరవై గంటలూ రోజుకు రెండున్నర చొప్పున పోతాయి. ఈ బిల్లు కట్టేది వాళ్ళిద్దరూ.